మనం చెయ్యి వెయ్యని అవయవాల గురించే మనం ఎక్కువ చదవాలి

నేను మసాజ్ థెరపీ నేర్చుకునే రోజుల్లో అనాటమీ క్లాసు అంటే నాకు ప్రాణం. ఒక్క భుజం కీలు గురించే రెండు వారాలు చెప్పారు, నడుము కండరాలకి ఇంకో మూడు వారాలు. తీరా పునరుత్పత్తి వ్యవస్థ చాప్టర్ వచ్చేసరికి మాకు చెప్పే టీచర్ పుస్తకం మూసేసి, "ఇది మనకి పెద్దగా అవసరం లేదు, ఎలాగూ ఆ భాగాలు మనం ముట్టుకోం కదా, పరీక్ష కోసం రెండు బొమ్మలు చూసుకుని వెళ్ళండి చాలు" అన్నారు. క్లాసులో అందరం హమ్మయ్య అనుకున్నాం, నేను కూడా. ఆ హమ్మయ్య ఎంత తప్పో నాకు తెలియడానికి ఏళ్ళు పట్టింది. ఇప్పుడు నేనే నేర్పిస్తున్నా కాబట్టి, ఆ చాప్టర్ రోజు స్టూడెంట్స్ తలలు దించుకుని ఫోన్లు చూసుకోవడం కళ్ళారా చూస్తున్నా కాబట్టి, ఈ విషయం కాస్త వివరంగా రాయాలనిపించింది.

"ఎలాగూ ముట్టుకోం కదా" అనే మాట వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ దాన్ని తిప్పి చూడండి. మనం ముట్టుకోని అవయవాలకి నొప్పి వస్తే ఆ నొప్పి ఎక్కడ కనపడుతుంది? గర్భాశయం పై భాగం నుంచి నొప్పిని మోసే నరాలు వెన్నుపాములోకి వెళ్ళేది ఛాతీ వెన్నుపూసల చివర్న, నడుము మొదట్లో, అంటే టీ10 నుంచి ఎల్1 వరకు ఉన్న భాగంలోకి. నడుము చర్మం, పొత్తికడుపు గోడ, గజ్జల నుంచి వచ్చే నరాలు కూడా దాదాపు అక్కడికే చేరతాయి. రెండు చోట్ల నుంచి వచ్చే కబురు ఒకే గుమ్మంలోంచి లోపలికి వెళ్తుంటే అది ఎవరు పంపిందో మెదడుకి తేల్చుకోవడం రాదు, చర్మం, కండరాల నుంచి రోజూ కబుర్లు వస్తూనే ఉంటాయి కాబట్టి ఇదీ అక్కడిదే అనుకుంటుంది. అంటే మనిషికి గర్భాశయం నొప్పి నడుము నొప్పిలా తెలుస్తుంది. నడుము నొప్పి ఉన్నవాళ్ళు ఎవరి దగ్గరికి వస్తారు? మన దగ్గరికే కదా. అందుకే ఈ అవయవాలు మన టేబుల్ మీదకి రాకుండా ఏ రోజూ ఉండవు, వేరే పేరుతో వస్తాయంతే.

నాకు ఇది అర్థమైన రోజు చెప్తా. ముప్పై దాటిన ఒకావిడ నా దగ్గరికి వచ్చేవారు, నడుము కింది భాగం, ఎడమ పిరుదు, తొడ లోపలివైపు వరకు లాగేస్తోందని. నేను ప్రతిసారీ నడుము పక్క కండరాల మీద, పిరుదు మీద గంటసేపు ఓపిగ్గా పని చేసేదాన్ని. రెండు మూడు రోజుల్లో ఆవిడ ఫోన్ చేసి "మీ చెయ్యి పడితే చాలండీ, తగ్గిపోయింది" అనేవారు. ఎంత సంతోషంగా ఉండేదో. ఒకరోజు ఆవిడ వచ్చేముందు ఫైల్ తిరగేస్తుంటే నేనే రాసుకున్న తేదీలు ఒకదాని కింద ఒకటి కనపడ్డాయి: మార్చి 3, మార్చి 31, ఏప్రిల్ 27, మే 25. ఆ రోజు జూన్ 22. ఆ పేజీ మీద వేలు పెట్టి లెక్కపెట్టా, ఇరవై ఎనిమిది, ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది, ఇరవై ఎనిమిది. నా గుండె ఒక్కసారి ఆగినట్టయింది. నేను తగ్గించానని అనుకున్న నొప్పి పీరియడ్స్ అయిపోతే దానంతట అదే తగ్గే నొప్పి. నాలుగు నెలలు కండరానికి వైద్యం చేసినట్టు నోట్స్ రాసుకున్నా, ఒక్కసారి కూడా "ఇది నెలసరి టైమ్‌లోనే వస్తోందా" అని అడగలేదు. ఆ రోజు అడిగా. ఆవిడ కాసేపు ఆలోచించి, అవునని, ఆ రోజుల్లో మోషన్‌కి వెళ్ళడం కూడా నరకంలా ఉంటుందని, అందరికీ ఇంతే అనుకున్నానని చెప్పారు. గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళమని చెప్పా, తర్వాత ఎండోమెట్రియోసిస్ అని తేలింది.

ఎండోమెట్రియోసిస్ అంటే గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం బయట, అండాశయాల మీదో పేగుల మీదో గర్భాశయాన్ని నడుము కింద ఉన్న త్రికాస్థి ఎముకకి కట్టి ఉంచే లిగమెంట్ల మీదో పెరగడం. పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్ళలో దాదాపు పది శాతం మందికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వ్యాధి పేరు తెలియడానికి చాలామందికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళలో వాళ్ళు నడుము పట్టుకుని తిరిగే చోట్లలో మన టేబుల్ ఒకటి. డాక్టర్ దగ్గర పది నిమిషాలు కూర్చుంటారు, మన దగ్గర గంటసేపు పడుకుని మాట్లాడతారు. ఆ గంటలో సరైన ప్రశ్న ఒక్కటి అడగడం మనకి రాకపోతే అది చిన్న లోటు కాదని నా అభిప్రాయం.

సరే, మామూలు నెలసరి నొప్పి సంగతి. ఇక్కడే హార్మోన్లు చదవాలి, బట్టీ పట్టడం కాదు, ఒక గొలుసులా పట్టుకోవాలి. మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్ జీఎన్ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ని ధారలా కాకుండా ఆగి ఆగి, చుక్క చుక్కగా వదులుతుంది. దాని కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి ఆ చుక్కల వేగాన్ని బట్టి రెండు హార్మోన్లు, ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ వదులుతుంది. ఎఫ్ఎస్‌హెచ్ అండాశయంలో గుడ్డు ఉన్న సంచిని పెంచుతుంది, ఆ సంచి ఈస్ట్రోజెన్ తయారుచేస్తుంది, ఈస్ట్రోజెన్ గర్భాశయం లోపలి పొరని మందం చేస్తుంది. ఈస్ట్రోజెన్ బాగా పెరిగి కొన్నాళ్ళు అలాగే నిలిస్తే ఎల్‌హెచ్ ఒక్కసారి ఎగబాకుతుంది, అది మొదలైన ఒకటిన్నర రోజుకి గుడ్డు విడుదలవుతుంది. ఖాళీ అయిన సంచి ప్రొజెస్టెరాన్ చెయ్యడం మొదలుపెడుతుంది, దానివల్ల ఒంటి వేడి అర డిగ్రీ దాకా పెరుగుతుంది, కొంతమందికి రొమ్ములు నొప్పెడతాయి (బోర్లా పడుకోమంటే ఇబ్బంది పడేది అందుకే, ఛాతీ కింద మెత్తటి దిండు పెట్టండి). గర్భం రాకపోతే సుమారు పద్నాలుగు రోజులకి ఆ సంచి ముడుచుకుపోతుంది, ప్రొజెస్టెరాన్ పడిపోతుంది. అది పడిపోగానే లోపలి పొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారై గర్భాశయ కండరాన్ని గట్టిగా బిగిస్తాయి. ఆ బిగింపుకి రక్తనాళాలు నలిగి కండరానికి సరిపడా ఆక్సిజన్ అందదు. నెలసరి నొప్పి అంటే అదే. రక్తం అందని కండరం ఎలా ఏడుస్తుందో మన స్టూడెంట్స్‌కి వేరే చెప్పక్కర్లేదు, పిక్క పట్టేసినప్పుడు జరిగేదానికి ఇది దగ్గరి చుట్టమే, కాకపోతే ఇది మన చేతికి అందని కండరం. ఆ ప్రోస్టాగ్లాండిన్లు పక్కనే ఉన్న పేగుల్ని కూడా కదిలిస్తాయి, అందుకే ఆ రోజుల్లో కొందరికి విరేచనాలు. ఇబుప్రొఫెన్ లాంటి మాత్రలు పనిచేసేది కూడా ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపడం వల్లే.

ఈ గొలుసు తెలిసినవాళ్ళు నెలసరి మొదటిరోజు వచ్చిన మనిషి నడుముని మోచేత్తో కుమ్మరు. వెచ్చటి కాపడం, పక్కకి తిరిగి పడుకోబెట్టడం, నడుము మీద నెమ్మదిగా అరచేత్తో పని, దానికే హాయిగా ఉంటుంది. నొప్పి నెలనెలా పెరుగుతున్నా, పీరియడ్స్ కాని రోజుల్లో కూడా ఉన్నా, కలయికలో నొప్పి ఉన్నా, మాత్ర వేసుకున్నా లేవలేకపోతున్నా డాక్టర్‌కి చూపించుకోమని చెప్తాం. ఈ రెండిటికీ తేడా తెలియాలంటే ఆ చాప్టర్ చదవాలి, వేరే దారి లేదు.

నడుము వరకు సరే, భుజం సంగతి చూడండి. పిండం గర్భాశయంలో కాకుండా బయట నాటుకోవడం ఉంటుంది, అందులో నూటికి తొంభై పైన ఫెలోపియన్ ట్యూబులోనే. ఆ ట్యూబు పది పన్నెండు సెంటీమీటర్ల పొడవు ఉన్న సన్నటి గొట్టం, పెరిగే పిండాన్ని పట్టలేదు, చిట్లుతుంది. లోపల కారిన రక్తం పైకి చేరి, ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డుగా ఉండే కండరం అయిన డయాఫ్రమ్‌ని రాపిడి పెడితే ఆ నొప్పి భుజం కొసన తెలుస్తుంది, ఎందుకంటే డయాఫ్రమ్ నరం మెడలో సీ3 నుంచి సీ5 దగ్గర పుడుతుంది, భుజం పైన ఉన్న చర్మానికి కూడా అక్కడి నుంచే. అంటే ఒక అమ్మాయి "భుజం ఎక్కడో పట్టేసింది, చెయ్యి తిప్పితే ఏం లేదు కానీ పడుకుంటే ఎక్కువవుతోంది, పొత్తికడుపు కూడా ఒకవైపు నొప్పిగా ఉంది, కళ్ళు తిరుగుతున్నాయి" అని వస్తే, అక్కడ భుజం కండరం వెతుక్కుంటూ కూర్చోవడం ప్రాణం మీదకి తెచ్చే పని. టేబుల్ మీదకి కూడా ఎక్కించకూడదు, అంబులెన్స్ పిలవాలి. భుజం చాప్టర్‌లో రెండు వారాలు నేర్చుకున్న నాకు ఈ ఒక్క పేరా ఎవరూ చెప్పలేదు.

మగవాళ్ళ భాగం ఇంకా త్వరగా దాటేస్తారు, దాని గురించి నాకు ఇంకా కోపం. వృషణాలు పిండంలో తయారయ్యేది కిందెక్కడో కాదు, పొట్ట వెనక, కిడ్నీల దగ్గర. అక్కడి నుంచి పుట్టేలోపు కిందికి దిగుతాయి, వీర్యకణాలు తయారవ్వాలంటే ఒంటి వేడికన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలి కాబట్టి. దిగేటప్పుడు తమ నరాల్ని, రక్తనాళాల్ని, లింఫు దారుల్ని వెంట లాక్కుని వస్తాయి. అందుకే కిడ్నీలో రాయి నొప్పి వృషణంలోకి పాకుతుంది. ఎడమ వృషణం సిర పైకెళ్ళి ఎడమ కిడ్నీ సిరలో కలుస్తుంది కాబట్టే సిరలు ఉబ్బే వారికోసీల్ ఎక్కువగా ఎడమవైపే. ఇంకో సంగతి, వృషణం క్యాన్సర్ ముందుగా పాకేది గజ్జల్లోని గ్రంథులకి కాదు, నడుము లోపల పెద్ద ధమని పక్కన ఉన్న లింఫు గ్రంథులకి. ఇది పదిహేను నుంచి ముప్పై అయిదేళ్ళ కుర్రాళ్ళలో ఎక్కువగా కనపడే క్యాన్సర్లలో ఒకటి. కుర్రాడు, బరువులెత్తలేదు, దెబ్బ తగల్లేదు, వంగినా లేచినా మారని నడుము నొప్పి, రాత్రిళ్ళు ఎక్కువ. జిమ్ నొప్పి అని మనమూ అనుకుంటాం, వాడూ అనుకుంటాడు. వృషణంలో గడ్డ ఉన్నా సిగ్గుతో ఎవరికీ చెప్పి ఉండడు.

పెద్దవాళ్ళలో ప్రోస్టేట్ గ్రంథి. మూత్రనాళం చుట్టూ అక్రోటు కాయంత ఉంటుంది. అక్కడి సిరలకి వెన్నెముక సిరలతో కవాటాలు లేని దారి ఒకటుందని అనాటమిస్ట్ ఆస్కార్ బాట్సన్ 1940లో చూపించాడు, ప్రోస్టేట్ క్యాన్సర్ నడుము వెన్నుపూసల్లోకి అంత తరచుగా వెళ్ళడానికి కారణం వివరించేటప్పుడు ఆ దారి గురించే చెప్తారు. అరవై దాటిన పెద్దాయన రాత్రి నిద్రలోంచి లేపే నడుము నొప్పితో వస్తే, మూత్రం ఎలా వస్తోందండీ అని అడగడానికి మొహమాటం ఎందుకు? అలాంటి ఎముక మీద గట్టిగా నొక్కితే విరిగే ప్రమాదం ఉంది. ఆ మొహమాటం వల్ల నష్టపోయేది ఆయన.

ఇక గర్భిణీలు. ఇక్కడ నాకు ఎప్పుడూ ఆశ్చర్యం వేసేది ఏంటంటే, స్టూడెంట్స్ అందరికీ చీలమండ దగ్గర ఏదో పాయింట్ నొక్కితే నొప్పులు వచ్చేస్తాయన్న భయం ఉంటుంది, పిక్క మీద మాత్రం ఎవరికీ భయం ఉండదు. సరిగ్గా తిరగబడింది. పాయింట్లు నొక్కి ప్రసవం మొదలుపెట్టొచ్చా అని చేసిన పరీక్షల్లో చెప్పుకోదగ్గ ప్రభావం కనపడలేదు. పిక్క సంగతి వేరు. గర్భంతో ఉన్నప్పుడు రక్తం నలభై నుంచి యాభై శాతం పెరుగుతుంది, ప్రసవంలో రక్తం ఎక్కువ పోకుండా ఉండాలని శరీరం గడ్డకట్టే పదార్థాల్ని ముందే పెంచుకుంటుంది, ప్రొజెస్టెరాన్ సిరల గోడల్ని వదులు చేస్తుంది, పెరిగిన గర్భాశయం పెద్ద సిరల మీద కూర్చుంటుంది. ఇవన్నీ కలిసి కాళ్ళ లోతు సిరల్లో గడ్డ కట్టే ప్రమాదాన్ని నాలుగైదు రెట్లు చేస్తాయి. ఎక్కువసార్లు ఎడమ కాల్లో, ఎందుకంటే అక్కడి సిర మీదుగా కుడివైపు ధమని దాటుతూ దాన్ని నొక్కుతుంది. కాలు పట్టేసింది పిక్క గట్టిగా పిసకండి అని వాళ్ళే అడుగుతారు. ఒక కాలు రెండో దానికన్నా లావుగా, వెచ్చగా, ఎర్రగా ఉందేమో చూడకుండా చెయ్యి వెయ్యొద్దు, ఏ లక్షణం లేకపోయినా పిక్కలో, తొడ లోపలివైపు లోతుగా నొక్కొద్దు. ప్రసవం అయ్యాక మొదటి ఆరు వారాలు ప్రమాదం ఇంకా ఎక్కువ, పాప పుట్టేసింది కదా ఇక మామూలే అనుకునేది సరిగ్గా అప్పుడే.

ఇరవై వారాలకి గర్భాశయం బొడ్డు దాకా వస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు అరవై గ్రాములుండేది నెలలు నిండేసరికి అదొక్కటే కిలో దాకా తూగుతుంది, బిడ్డ, ఉమ్మనీరు కాకుండా. అంత బరువు వెల్లకిలా పడుకుంటే వెన్నెముకకి ఆనుకున్న పెద్ద సిర మీద పడి రక్తం గుండెకి సరిగ్గా చేరదు, కళ్ళు తిరుగుతాయి, చెమటలు పడతాయి. అందుకే ఎడమవైపు తిరిగి, మోకాళ్ళ మధ్య దిండు, పొట్ట కింద చిన్న దిండు. ఇంకొకటి, ఇరవై వారాల తర్వాత తలనొప్పి తగ్గడం లేదని, కుడి పక్కటెముకల కింద నొప్పి అని, ముఖం చేతులు ఒక్కసారిగా వాచాయని, కళ్ళ ముందు మెరుపులు అని ఎవరైనా వస్తే అది మెడ బిగుసుకుపోవడం కాదు, ప్రీఎక్లాంప్సియా (గర్భంలో బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బు) కావొచ్చు, అదే రోజు బీపీ చూపించుకోవాలి. మసాజ్ తర్వాత వెళ్తాలే అంటే ఒప్పుకోవద్దు.

రిలాక్సిన్ అనే హార్మోన్ గురించి కూడా ఒక మాట. "రిలాక్సిన్ వల్ల తొమ్మిదో నెలలో కీళ్ళన్నీ జారిపోయేలా ఉంటాయి" అని మా పుస్తకాల్లో, వర్క్‌షాపుల్లో తెగ చెప్తారు. 1926లో ఫ్రెడరిక్ హిసా అనే శాస్త్రవేత్త దీన్ని గినీ పిగ్స్‌లో కనిపెట్టాడు, వాటికి కటి ఎముక నిజంగానే బాగా తెరుచుకుంటుంది. మనుషుల్లో రిలాక్సిన్ ఎక్కువగా ఉండేది మొదటి మూడు నెలల్లో, తర్వాత తగ్గి అలా ఉంటుంది, కటి నొప్పికి రక్తంలో రిలాక్సిన్ ఎంత ఉందన్నదానికి పొంతన కుదరలేదు. చదవకుండా చెప్పడం వల్ల ఏం జరుగుతుందంటే, ఒకామె తన ఒళ్ళు విడిపోతుందేమో అన్న భయంతో నడవడం మానేస్తుంది.

ఇక్కడి నుంచి నా రెండో గొడవ మొదలవుతుంది, "హార్మోన్ బ్యాలెన్స్ మసాజ్" అనే బోర్డులు. అండాశయం బాదంగింజంత కాకపోయినా బాదంకాయంత ఉంటుంది, కటి గోడకి ఆనుకుని పెద్ద రక్తనాళాల మధ్య గుంటలో ఉంటుంది. దాన్ని నియంత్రించేది పుర్రె లోపల ఉన్న పిట్యూటరీ. పొట్ట మీద ఏ దిక్కుగా రుద్దితే ఎల్‌హెచ్ ఏ రోజు పెరగాలో మారుతుంది? ఎవరూ చెప్పలేరు. ఆక్సిటోసిన్ అనే తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న హార్మోన్‌ని 1953లో విన్సెంట్ డు విగ్నో ల్యాబ్‌లో తయారుచేశాడు, 1955లో నోబెల్ వచ్చింది, అది రక్తంలో కొన్ని నిమిషాలే ఉంటుంది. స్పర్శకీ దానికీ సంబంధం ఉందని పరిశోధనలు ఉన్నాయి, కానీ దాన్ని పట్టుకుని "మీ ఆక్సిటోసిన్ పెంచుతాం, పీసీఓఎస్ పోగొడతాం, పిల్లలు పుట్టేలా చేస్తాం" అని డబ్బు తీసుకోవడం మోసం, ఇంతకన్నా మెత్తటి మాట నాకు దొరకడం లేదు. ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ గురించీ అంతే, మసాజ్ కార్టిసాల్ బాగా తగ్గిస్తుందని ఏళ్ళ తరబడి చెప్పుకున్నాం, 2011లో ఆ పరీక్షలన్నిటినీ కలిపి లెక్కేసి చూస్తే ప్రభావం చాలా చిన్నదని, చాలా సందర్భాల్లో లేనట్టేనని తేలింది. మసాజ్ వల్ల ఆందోళన తగ్గుతుంది, నొప్పి కొంత తగ్గుతుంది. ఆ రెండూ చాలవా మనకి? పిల్లల కోసం ఏళ్ళుగా తిరుగుతున్న మనిషి మన టేబుల్ మీద గంటసేపు ప్రశాంతంగా నిద్రపోతే అదే మనం ఇవ్వగలిగింది, అది తక్కువేం కాదు.

మెనోపాజ్ గురించి క్లాసులో ఒక్క లైనే ఉంటుంది, నిజానికి మన క్లయింట్లలో ఆ వయసు వాళ్ళే ఎక్కువ. పన్నెండు నెలలు వరసగా పీరియడ్స్ రాకపోతే మెనోపాజ్ అంటారు, ఎక్కువమందికి నలభై అయిదు, యాభై అయిదు మధ్య. ఈస్ట్రోజెన్ తగ్గాక ఎముక కరిగే వేగం పెరుగుతుంది, వీపు మీద బరువంతా వేసి నొక్కే పద్ధతులు అక్కడ మానుకోవాలి. వేడి ఆవిర్లు వచ్చేవాళ్ళకి హీటెడ్ టేబుల్ వేసే ముందు అడగాలి.

సిగ్గు విషయం కూడా తప్పించుకోను. టేబుల్ మీద మగ క్లయింట్‌కి అంగం గట్టిపడితే ఏం చెయ్యాలి అన్నది ప్రతి బ్యాచ్‌లో అందరి మనసులో ఉండే ప్రశ్న, నోరు తెరిచి అడిగేది నూటికి ఒకరు. అది వెన్నుపాము అడుగున ఎస్2 నుంచి ఎస్4 దాకా ఉన్న నరాల రిఫ్లెక్స్, అంటే దానంతట అదే జరిగే స్పందన, ఒళ్ళు బాగా విశ్రాంతిలోకి వెళ్ళినప్పుడు ఏ కోరికా లేకుండా కూడా వస్తుంది. దుప్పటి సర్దండి, బోర్లా తిరగమనండి లేదా చేసే చోటు మార్చండి, ఏమీ జరగనట్టు కొనసాగించండి. కానీ మాటతోనో చేత్తోనో ఆ మనిషి హద్దు దాటితే అక్కడితో సెషన్ ఆపేసి బయటికి వచ్చెయ్యండి, మీరు ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. ఈ రెండిటికీ తేడా క్లాసులో చెప్పకపోతే కొత్తగా వచ్చిన పిల్లలు మొదటి దానికి భయపడి ఏడుస్తారు, రెండో దాన్ని భరిస్తారు. రెండూ చూశాను నేను.

ఇప్పుడు నా క్లాసులో ఆ చాప్టర్‌కి రెండు వారాలు. మొదటిరోజు బొమ్మలు చూపించను. ఒక్కొక్కరికీ మనిషి ముందు వైపు, వెనక వైపు గీతలు మాత్రమే ఉన్న ఖాళీ కాగితం ఇచ్చి, గర్భాశయం నొప్పి, వృషణం నొప్పి, ట్యూబు చిట్లితే వచ్చే నొప్పి ఎక్కడెక్కడ తెలుస్తాయో రంగు వెయ్యమంటా. మొదట అందరూ పొత్తికడుపు దగ్గర ఒక చిన్న చుక్క పెడతారు. రెండు వారాల తర్వాత అదే కాగితం మళ్ళీ ఇస్తే నడుము, పిరుదులు, గజ్జలు, తొడ లోపలివైపు, భుజం కొస, అన్నీ రంగుతో నిండిపోతాయి. క్లయింట్ మొదటిసారి వచ్చినప్పుడు నింపే ఇంటేక్ ఫారంలో "చివరి పీరియడ్స్ ఎప్పుడు, ఈ నొప్పి ఆ రోజుల్లో మారుతుందా" అన్న ప్రశ్న మాత్రం మెడికల్ హిస్టరీ మధ్యలో, బీపీ, షుగర్ పక్కనే పెట్టిస్తా, విడిగా అట్టడుగున కాదు. ఆ ప్రశ్న అడిగినందుకు ఇన్నాళ్ళలో ఒక్క క్లయింట్ కూడా ముఖం మాడ్చుకోలేదు. ఇబ్బంది పడుతూ అడిగేది మొదటి నెల స్టూడెంట్సే.